గోడ మీది ఒంటి చెప్పు

మా వీధి ఊడ్చే పెద్దమ్మ పొట్టి మనిషి. ఆవిడ చీపురు ఆవిడకంటే పొడవు. తెల్లవారుతుండగా తలకి గళ్ళ గుడ్డ చుట్టుకుని, దాని కొసని ముక్కుకీ నోటికీ అడ్డంగా లాగి దోపుకుని, బస్టాపు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ కొళాయి దాకా ఊడ్చుకుంటూ వస్తుంది. మేము లేచి తలుపులు తీసేసరికి వీధి తోమిన పళ్ళెంలా ఉంటుంది. ఎవరింటి చెత్త ఎవరి గుమ్మంలోకి ఎగిరిందో, దాని మీద ఎవరితో ఎవరికి మాటామాటా పెరగాలో, ఆ తగువులన్నీ మేము లేవకముందే ఆవిడ తట్టలోకి ఎత్తి తీసుకుపోతుంది. అందుకని మా వీధివాళ్ళమంతా చాలా కలుపుగోలు మనుషులమని మాకు గట్టి నమ్మకం.

ఆవిడకొక అలవాటు ఉంది. ఊడుస్తున్నప్పుడు ఎవరి వస్తువైనా దొరికితే తట్టలో వెయ్యదు, కొంగున కట్టుకోదు, ఇల్లిల్లూ తిరిగి "ఇది ఎవరిదమ్మా" అని అడగదు. దుమ్ము దులిపి, దగ్గర్లో ఉన్న ఏ గోడ మీదో, కిటికీ అరుగు మీదో, కొళాయి దిమ్మ మీదో పెడుతుంది. పోగొట్టుకున్నవాళ్ళ కంటికి ఆనే ఎత్తు చూసి మరీ పెడుతుంది. పిల్లలదైతే కిందగా, పెద్దవాళ్ళదైతే పైగా. ఏ ఇంటిదో తెలిస్తే ఆ ఇంటివైపు తిప్పి పెడుతుంది. గాలికి ఎగిరిపోయేదైతే కొస మీద చిన్న రాయి ఉంచుతుంది. అంతే. మళ్ళీ వెనక్కి తిరిగి చూడదు.

ఎందుకలా అని చాలాకాలం తర్వాత నేను అడిగితే చెప్పింది. చిన్నప్పుడు బళ్ళో కొత్త పలక పోగొట్టుకుందట. ఇంట్లో వీపు చిట్లగొడతారని మూల కూర్చుని ఏడుస్తుంటే, ఎవరో పిల్ల దాన్ని పట్టుకొచ్చి అందరి ముందూ, "ఇదిగో, పలక పారేసుకున్న మహారాణి!" అని చేతిలో పెట్టిందట. పలక దొరికిన సంతోషం ఏమైందో గుర్తులేదు గానీ ఆ నవ్వులు మాత్రం ఇప్పటికీ వినపడతాయంది.

"చేతికిస్తే తల వంచుకుని తీసుకోవాలి నాయనా. కనపడే చోట ఉంటే వాళ్ళకై వాళ్ళే తీసుకుంటారు. దేవుడిచ్చాడు అనుకుంటారు. అనుకోనీ. అబద్ధమేం కాదుగా?"

అలా దేవుడు మా వీధిలో చాలామందికి చాలా ఇచ్చాడు. మేడమీది పిన్నికి చెవి కమ్మ ఇచ్చాడు. జిరాక్స్ షాపతనికి తాళాల గుత్తి ఇచ్చాడు. మా డిటెక్టివ్ బాబాయికి ఏకంగా పళ్ళసెట్టే ఇచ్చాడు. ఒకరోజు చీకటి పడుతుండగా కొళాయి దగ్గర గట్టిగా తుమ్మితే అది ఊడి ఎటో ఎగిరిపోయింది. బాబాయి వంగి వెతకడానికి నామోషీ పడి, నోరు మూసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే కొళాయి దిమ్మ మీద, సరిగ్గా ఆయన కంట పడేలా, శుభ్రంగా కడిగిన పళ్ళు వీధినంతా చూసి నవ్వుతున్నాయి. ఆయన అటూ ఇటూ చూసి గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు. ఈ సంగతి భార్యక్కూడా చెప్పలేదు.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పారేసుకున్నామని చెప్పుకుంటే కదా దొరికిందని చెప్పుకునేది! అందుకని ఇది ఒకే మనిషి చేసే పనని మా వీధిలో ఎవరికీ తెలియదు. అందరూ ఎవరికి వారే, ఇంత అదృష్టం తమ ఒక్కరికే పట్టిందనుకుని లోలోపల మురిసిపోయారు. పెద్దమ్మ కోరుకున్నది కూడా అదే. ఆ మంచితనమే చివరికి ఆవిడ మెడకు చుట్టుకుంది.

కళ్ళజోళ్ళ షాపాయన కూతురు కనపడకుండా పోయింది. పదహారేళ్ళ పిల్ల. పిల్ల కంటే ముందు ఆ పిల్ల జడ తెలుసు మా వీధికి. మోకాళ్ళ దాకా ఉండేది. "జడ పిల్ల" అంటేనే అందరం గుర్తుపట్టేవాళ్ళం. సాయంత్రం తండ్రీ కూతుళ్ళు ఏదో వాదించుకున్నారు, పొద్దున చూస్తే పిల్ల గదిలో లేదు. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. వీధి మధ్య నిలబడి, "ఉండాల్సిన చోట కాకుండా ఇంకెక్కడైనా ఏ వస్తువైనా కనపడితే ముట్టుకోకండి. మాకు చెప్పండి" అని చెప్పి వెళ్ళాడు.

ఆ ఒక్క మాటతో మా వీధికి ప్రాణం లేచొచ్చింది.

డిటెక్టివ్ బాబాయి నిజానికి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మీటరు చూసి ఇంట్లో ఎంతమంది చుట్టాలు దిగారో చెప్పగలనని ఆయన గొప్ప. ఆ పొద్దున్నే ఆయనకి జిరాక్స్ షాపు పక్క గోడ మీద ఒంటి చెప్పు కనపడింది. పట్టీ తెగి ఉంది. పిల్ల తల్లిని పిలిపించి చూపిస్తే ఆవిడ అవునని తల ఊపింది. అది కూతురిదే.

"ఎవరూ ముట్టుకోవద్దు!" అన్నాడు బాబాయి, అప్పటికే దాన్ని రెండుసార్లు తిప్పి చూసి పెట్టి. "చెప్పు మొన చూడండి. ఎటు ఉంది?"

"ఇటు ఉందండి" అన్నాడు జిరాక్స్ షాపతను.

"ఇటు ఏముంది?"

"ఆ పిల్ల వాళ్ళిల్లే ఉంది కదండీ."

"ఇల్లు సరేనయ్యా, ఇంటి వెనక?"

"మురుక్కాలవ సందు."

"దాని వెనక?"

"ఖాళీ స్థలం."

"దాని వెనక?"

జిరాక్స్ షాపతను బుర్ర గోక్కున్నాడు. "రైలు పట్టాలు?"

"అదీ!" అని బాబాయి వేలు ఎత్తాడు. అందరూ రైలు పట్టాల వైపు చూశారు. మధ్యలో ఉన్న ఇంటిని ఎవరూ చూడలేదు. పిల్ల తల్లి ఆ ఇంటి గుమ్మంలోనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ఇక ఆధారాలు వర్షంలా కురిశాయి. కొళాయి దిమ్మ మీద తలకి పెట్టుకునే క్లిప్పు. మందుల షాపు కిటికీలో ఒక చేతి గుడ్డ, దాని మీద రాయి. బడి గోడకి కిందగా, గచ్చు మీద చిన్న బొమ్మ కారు. గేటుకి తగిలించిన గొడుగు. ఇన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి. ఇప్పుడు మాత్రం వాటివైపు చూడాలంటేనే ఒళ్ళు జలదరించింది.

"ఇవి పడిపోయినవి కావు. ఎవరో కావాలని పెట్టినవి" అని తేల్చాడు బాబాయి. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ తర్వాత ఆయన అన్నవాటిలో మాత్రం ఒక్కటీ నిజం కాదు.

ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. జిరాక్స్ షాపతను వీధి బొమ్మ గీసి, ఆధారాలు దొరికిన చోట్ల చుక్కలు పెట్టి, అందరికీ ఉచితంగా కాపీలు పంచాడు. చుక్కలు కలిపితే కొందరికి చేప కనపడింది, కొందరికి కత్తి కనపడింది. మేడమీది పిన్నికి ఎంత చూసినా టీ కప్పే కనపడింది.

"పిన్నీ, ఇది తమాషా కాదు" అని కసిరాడు బాబాయి.

"నేనెక్కడ తమాషా చేశానయ్యా? పిడి కూడా ఉందిగా, ఇదిగో!"

కొన్ని కిందగా, కొన్ని పైగా ఉన్నాయి కాబట్టి ఎత్తుకుపోయినవాళ్ళు ఇద్దరనీ, ఒకడు పొట్టి ఒకడు పొడుగనీ నిర్ణయమైంది. రాయి ఉన్నవి బెదిరింపులు, రాయి లేనివి సూచనలు. చెప్పు పట్టీ తెగి ఉంది కాబట్టి పెనుగులాట జరిగింది. ఈ పెనుగులాట మొదట జిరాక్స్ షాపు ముందు చిన్నగా జరిగింది. మధ్యాహ్నానికి కొళాయి దాకా పాకింది. సాయంత్రానికి అందులో ఒక తెల్ల కారు కూడా వచ్చి ఆగింది.

ఇవన్నీ తల్లి చెవిన పడుతూనే ఉన్నాయి. ఎవరో ఒకరు ఊరుకోలేక వెళ్ళి, "ధైర్యంగా ఉండమ్మా" అని మొదలుపెట్టి, ధైర్యం చెదిరిపోయేవన్నీ చెప్పి వచ్చేవారు. తెల్ల కారు సంగతి విన్న సాయంత్రం ఆవిడ వీధి చివరదాకా పరుగెత్తి, అక్కడ ఆగి ఉన్న తెల్ల బ్రెడ్డు వ్యాను తలుపు పట్టుకుని గుంజింది. డ్రైవరు తిట్టబోయి, ఆవిడ మొహం చూసి, తలుపు తనే తెరిచి లోపలంతా చూపించాడు. ఒక్కొక్క అట్టపెట్టే పక్కకి జరిపి చూపించాడు. ఆ మనిషిని మా వీధివాళ్ళు ఒకరోజంతా అనుమానించారు.

పెద్దమ్మకి ఇది తెలిసేసరికి కొంత ఆలస్యమైంది. ఆవిడకి ఫోను లేదు, గ్రూపు లేదు. మర్నాడు పొద్దున ఊడ్చుకుంటూ వస్తుంటే గోడ దగ్గర జనం కనపడ్డారు. మైకు పట్టుకున్న ఒక టీవీ అమ్మాయి కూడా ఉంది. సంగతేమిటో విని పెద్దమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"అయ్యా, అవి నేను పెట్టినవే."

అందరూ తిరిగి చూశారు.

"ఏవి?" అన్నాడు బాబాయి.

"అవన్నీ. చెప్పూ, క్లిప్పూ, గొడుగూ. ఊడుస్తుంటే దొరికితే పెట్టాను."

"ఎందుకు పెట్టావు పెద్దమ్మా?"

"కనపడాలని."

"ఎవరికి కనపడాలని?"

"పోగొట్టుకున్నవాళ్ళకి. ఇంకెవరికి?"

జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంత చప్పటి సమాధానం ఎవరికి కావాలి? రాత్రంతా నిద్ర మానుకుని గీసిన చేపలూ కత్తులూ ఏమైపోవాలి?

"అయితే ఇంటికెళ్ళి ఇవ్వొచ్చుగా? గోడ మీద పెట్టడమేమిటి?" అంది మేడమీది పిన్ని, ఒక చేత్తో చెవి కమ్మ సర్దుకుంటూ.

పెద్దమ్మ ఆ కమ్మ వైపు చూసింది. బాబాయి పళ్ళ వైపు చూసింది. జిరాక్స్ షాపతని నడుముకి వేలాడుతున్న తాళాల గుత్తి వైపూ చూసింది. ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించి ఉండొచ్చు. కానీ ఆ మాట అంటే ఇన్నేళ్ళూ గోడ మీద పెట్టినదంతా తిరిగి అందరి ముందూ చేతికిచ్చినట్టే కదా!

"నా అలవాటమ్మా" అంది.

"ఈ మాట ఎవరో ఈవిడ చేత చెప్పిస్తున్నారు" అన్నాడు జిరాక్స్ షాపతను గొంతు తగ్గించి. ఎంత తగ్గించినా మైకుకి వినపడింది. ఆ సాయంత్రానికి బొమ్మలో ఒక చుక్క పెరిగింది. దాని పక్కన "చీపురు మనిషి?" అని రాశారు.

ఇన్‌స్పెక్టర్ ఆవిడని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు. నమ్మాడు కూడా. "మీరు చేసింది తప్పు కాదమ్మా. కానీ ఈ గొడవ తేలేదాకా దేన్నీ తీయకండి, ఎక్కడా పెట్టకండి. మాకు మతిపోతోంది" అన్నాడు.

ఆ మాట ఊడ్చే పనివాళ్ళ మేస్త్రీ దాకా వెళ్ళింది. ఆయన ఇంకొంచెం కలిపి, "ఊడువు, అంతే. వంగితే ఒప్పుకోను" అన్నాడు. వంగకుండా ఊడవడం ఎలాగో ఆయన చెప్పలేదు.

అప్పటినుంచి బాబాయి సుద్దముక్కతో తిరుగుతూ, నేల మీద ఏం కనపడితే దాని చుట్టూ గుండ్రం గీసేవాడు. సీసా మూత చుట్టూ, అరటి తొక్క చుట్టూ, ఎవరి సంచిలోంచో జారిన బంగాళాదుంప చుట్టూ. పెద్దమ్మ ఆ గుండ్రాలు చెరిగిపోకుండా పక్కపక్కనే ఊడ్చుకుంటూ పోయేది. దుంప ఎండకి వాడింది, తర్వాత కుళ్ళింది. అయినా అది ఆధారమే.

ఒక పొద్దున పిల్ల తల్లి కొళాయి దగ్గరికి బిందె పట్టుకుని వచ్చింది. నీళ్ళకి కాదు, పెద్దమ్మ కోసం. కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అడిగింది.

"పెద్దమ్మా, ఆ చెప్పు నిజంగా నువ్వే పెట్టావా?"

"నేనే తల్లీ. ఆ మధ్య గాలివాన వచ్చిన మర్నాడు కాలవ పక్కన దొరికింది. కడిగి పెట్టాను. నీ కూతురు ఇంట్లో ఉన్నప్పటి మాటే. పట్టీ తెగిందని పారేసి ఉంటుంది, నేనే తెలివితక్కువగా తీసి పెట్టాను."

తల్లి కొళాయి దిమ్మ పట్టుకుని నిలబడిపోయింది. బిందె నిండి పొర్లిపోతోంది.

"అయితే పెనుగులాట…"

"ఏ పెనుగులాటా లేదు తల్లీ. బురదలో తెగిన చెప్పది. అంతే."

అన్నాళ్ళలో ఆవిడకి అన్నం ముద్దలా గొంతు దిగిన మాట అదొక్కటే. కళ్ళు తుడుచుకుని, "నీకు దొరికినవన్నీ కనపడే చోట పెడతావట కదా పెద్దమ్మా. నా బిడ్డని కూడా ఎవరైనా నాకు కనపడే చోట పెడితే బాగుండు" అంది.

 పెద్దమ్మ కొళాయి కట్టేసి, బిందె ఎత్తి ఆవిడ చంకకి అందించింది. మేస్త్రీ చూసి ఉంటే వంగిందని కేకలేసేవాడు.

ఇంతకీ పిల్ల ఎక్కడుంది?

చిన్నప్పుడు వాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నప్పుడు పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. పిల్ల ఆవిడ చేతుల మీద పెరిగి, అమ్మమ్మా అని పిలిచేది. ఆవిడకి చెవులు సరిగా వినపడవు. ఇంట్లో టీవీ లేదు. సెలవులిచ్చారని చెబితే నమ్మి, రోజూ మూడు పూటలా తినిపించి, కడుపు నిండా కబుర్లు చెబుతోంది. పిల్ల అక్కడ ఉంది. రైలు పట్టాల వైపు కూడా కాదు, సరిగ్గా దానికి ఎదురు దిక్కున.

ఇల్లు వదలడానికి కారణం, ఆ సాయంత్రం తండ్రి అన్న ఒక మాట. మార్కుల దగ్గర మొదలై, "నీకు ఉన్నదంతా తల మీదే. తల లోపల ఏమీ లేదు" అన్నాడాయన. పిల్ల కోపంతో గదిలోకి వెళ్ళి, తల్లి బట్టలు కత్తిరించే కత్తెర తీసుకుని జడని మెడ దగ్గరికి కత్తిరించేసింది. కత్తిరించాక అద్దంలో చూసుకుంది. చూసుకున్నాక కోపం పోయి భయం పట్టుకుంది. పదేళ్ళు తల్లి రోజూ దువ్వి పెంచిన జుట్టు. తెల్లారితే ఆ తల్లికి మొహం ఎలా చూపించాలో తెలియక, జడ సంచిలో పెట్టుకుని, పెరటి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఒకనాడు ముసలావిడే అడిగింది, "సెలవులు ఇంకా అవలేదుటే? మీ అమ్మ బెంగపెట్టుకోదూ?" అని. ఆ మాటకి పిల్ల అన్నం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సెక్కింది.

బస్సులో ముందు సీటువాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారు. తెల్ల కారు, పొట్టివాడు, పొడుగువాడు. ఆ పిల్ల ఎవరో పాపం అని ముందు జాలిపడింది. కళ్ళజోళ్ళాయన కూతురని వినేసరికి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

బస్టాపులో దిగగానే ఎదురుగా డిటెక్టివ్ బాబాయి. చేతినిండా కాగితాలు. వాటి మీద పిల్ల ఫోటో, భుజం మీంచి ముందుకు వేసుకున్న పొడవాటి జడతో. పొట్టి జుట్టుతో, వదులు చొక్కాతో దిగిన మనిషిని బాబాయి పైనుంచి కిందిదాకా చూశాడు.

"బాబూ, ఈ అమ్మాయిని ఎక్కడైనా చూశావా?"

పిల్ల ఆ కాగితం వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"సరిగ్గా చూడు నాయనా. జడ చూడు, జడ! ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు ఎవరూ." అని నిట్టూర్చి, మంచి శ్రోత దొరికాడని గొంతు తగ్గించాడు. "నీకు చెబుతున్నాను, బయట అనకు. ఈ పిల్ల ఇంక రాదు. వచ్చినా ఏం మొహం పెట్టుకుని వస్తుంది? వీధి వీధంతా చూస్తుంటే?"

పిల్ల వీధిలోకి చూసింది. తమ గేటు ముందు జనం, కుర్చీలు, మైకు. అటు ఒక్క అడుగు కూడా పడలేదు. తిరుగు బస్సు కోసం వెనక్కి నడిచి, బస్టాపు చివర గట్టు మీద, పెద్దమ్మ తట్ట పక్కన కూలబడింది.

"కాళ్ళు కాస్త తియ్యి నాయనా, ఊడవాలి" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా" అంది పిల్ల.

చీపురు ఆగిపోయింది. పెద్దమ్మ ఆ మొహంలోకి చూసింది. ఎక్కడికి పోయావనీ, జుట్టేమైందనీ అడగలేదు. "తిన్నావా?" అంది.

పిల్ల తలూపి, "నేను మళ్ళీ వెళ్ళిపోతాను పెద్దమ్మా" అంది.

"అమ్మ కొడుతుందనా?"

"కొట్టినా పరవాలేదు. వాళ్ళందరి ముందూ ఎలా వెళ్ళను? నన్ను చంపేశారు కూడా కదా వాళ్ళు! ఇప్పుడు వెళ్ళి గేటు తీస్తే…"

ఇక చెప్పక్కర్లేకపోయింది. పలక నాటి నవ్వులు పెద్దమ్మకి తెలుసు. బస్సు మలుపు తిరుగుతున్న చప్పుడు వినపడింది. అది వచ్చి ఆగితే ఈ పిల్ల ఎక్కేస్తుంది. ఆవిడ తన తల గుడ్డ విప్పి, పిల్ల తలకి చుట్టి, కొస ముక్కు మీదికి లాగి దోపింది. చీపురు చేతికిచ్చింది.

"తల ఎత్తకు. కాళ్ళ ముందు ఒక్క చెత్త పుల్ల మీద చూపు పెట్టి ఊడ్చుకుంటూ రా. చీపురు పట్టుకున్నవాళ్ళ మొహం ఎవరూ చూడరు తల్లీ."

ముందు పెద్దమ్మ తట్టతో, వెనక పిల్ల చీపురుతో, వీధిలోకి దిగారు. వీధి వీధంతా ఏ పిల్ల కోసం కూడిందో ఆ పిల్ల వాళ్ళ కాళ్ళ మధ్య ఊడ్చుకుంటూ పోతోంది. "జాగ్రత్తగా, దుమ్ము!" అంది మేడమీది పిన్ని. బాబాయి వెనక నుంచి, "ఏయ్ బాబూ! గుండ్రంలో ఊడవకు! అది ఆధారం!" అని అరిచాడు. పిల్ల కుళ్ళిన దుంప చుట్టూ జాగ్రత్తగా తిప్పి ఊడ్చింది.

గేటు ముందు కళ్ళజోళ్ళ షాపాయన మైకులో మాట్లాడుతున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి, గడ్డం పెరిగి ఉంది. "వెయ్యిమందిలో ఉన్నా నా కూతుర్ని గుర్తుపడతానండీ" అంటున్నాడు. చీపురు కాలికి తగిలితే మాట ఆపకుండా పాదం ఎత్తి పక్కకి పెట్టాడు.  చీపురు ఆ పాదం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"పద నాయనా" అంది పెద్దమ్మ. పిల్ల కదిలింది.

ఇంటి పక్కగా తిరిగితే మురుక్కాలవ సందు. కంపు కొడుతుందని పరిశోధకులెవరూ అటు అడుగు పెట్టలేదు. పెరటి గోడ తక్కువ ఎత్తు. పొద్దున అంట్లు తోమడానికి తల్లి బయటికి వచ్చే వేళ. పెద్దమ్మ పిల్లని గోడ మీద కూర్చోబెట్టింది. భుజాలు పట్టుకుని తలుపు వైపు తిప్పింది. ఈ ఎత్తున ఉంటే తలుపు తీయగానే కంటికి ఆనుతుందా అని ఒకసారి చూసుకుంది. అలవాటు పోనిస్తుందా, పిల్ల ముక్కు మీంచి గుడ్డ కొస విప్పి గోడ మీదికి లాగి, కింద నుంచి చిన్న రాయి తీసి దాని మీద పెట్టింది.

"ఇదెందుకు పెద్దమ్మా?" అంది పిల్ల, ఏడుపులోనే నవ్వొచ్చి.

"ఎగిరిపోకుండా" అని చెప్పి, చీపురు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సందు మలుపు తిరుగుతుంటే వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది. గిన్నెలు నేల మీద పడ్డాయి.  ఆ తర్వాత, "జుట్టేదే?" అన్న మాట వినపడింది. పిల్ల సంచిలోంచి జడ తీసి చేతిలో పెట్టిందట. తల్లి ఆ జడని చూసి, పిల్లని చూసి, జడని పక్కన పడేసి పిల్లని లోపలికి లాక్కుంది.

తండ్రికి కబురందింది. ఆయన మైకు వాళ్ళ చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. జనం సాయంత్రం దాకా ఆ తలుపు చూసి, ఇక తెరుచుకోదని ఇళ్ళకి పోయారు. పిల్ల ఎలా వచ్చిందో ఇంట్లోవాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం చెప్పారు. ఆయన విని నవ్వి, కేసు మూసేశాడు.

మా వీధి ఇంకా మూయలేదు. పొట్టివాడూ పొడుగువాడూ భయపడి వదిలేసి వెళ్ళారని కొందరు. చెప్పు మొన చూపించింది ఆ పెరటి గోడనే కాబట్టి తన లెక్క తప్పలేదని బాబాయి. నిజానికి ఆ ఒక్క విషయంలో ఆయన మాట తీసిపారేయలేం. మేడమీది పిన్ని మాత్రం, "టీ కప్పు పిడి సరిగ్గా వాళ్ళ పెరట్లోనే ఉంది, నేను ముందే అన్నాను" అంటుంది.

ఒక పొద్దున బాబాయి నడకకి బయల్దేరితే బస్టాపు గోడ మీద గళ్ళ గుడ్డ ఒకటి కనపడింది. ఉతికి, మడత పెట్టి ఉంది. కిందగా, ఎవరో పొట్టి మనిషి కంటికి ఆనే ఎత్తున. దాని మీద చిన్న రాయి. బాబాయి ఆగి ఫోను తీశాడు. ఇంకో చెయ్యి జేబులో సుద్దముక్క కోసం వెళ్ళింది. చాలాసేపు ఆ గుడ్డనీ ఆ రాయినీ ఆ ఎత్తునీ చూస్తూ ఉండిపోయాడు. చూస్తూ చూస్తూ, నాలుకతో తన పళ్ళని ఒకసారి తడుముకున్నాడు.

గాలి గట్టిగా వీస్తోంది. బాబాయి ఫోను జేబులో పెట్టేసి, వంగి, కాస్త పెద్ద రాయి ఒకటి వెతికి, మొదటి రాయి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి పెద్దమ్మ వచ్చింది. తన గుడ్డ, రెండు రాళ్ళు. ఒకటి ఎవరు పెట్టారు, రెండోది ఎవరు పెట్టారు అని ఆవిడ ఆలోచించలేదు. రాళ్ళు పక్కకి పెట్టి, గుడ్డ దులిపి తలకి చుట్టుకుని, కొస ముక్కు మీదికి దోపుకుని ఊడవడం మొదలుపెట్టింది.